మీల్‌వార్మ్ డబ్బా మూడోసారి పోయింది. మన గోదావరి జిల్లాల్లో గెకోకి ఏ పురుగు పెంచుతున్నారు?

చుక్కమ్మ_భీమవరం
గెకోకి మేతగా పెంచే మీల్‌వార్మ్‌లు (తవుడులో పెరిగే ఒక పెంకుపురుగు పిల్లలు) చచ్చిపోవడం ఇది మూడోసారి. నిన్న రాత్రి డబ్బా మూత తీస్తే తవుడు మీద గోధుమరంగు పొడి చల్లినట్టు ఉంది. ఈ పొడి నేనెప్పుడు వేశానబ్బా అని టార్చి వేసి చూస్తే ఆ పొడి నడుస్తోంది! డబ్బా అంచుల మీదకి పాకి, మూత చిల్లుల చుట్టూ కూడా పేరుకుంది. అడుగున పురుగులు సగం నల్లబడి మెత్తగా అయిపోయాయి. కంపు సరేసరి.

నాది లెపర్డ్ గెకో, అంటే చుక్కల పెంపుడు బల్లి, ఆడది, ఎనిమిది నెలలు. పేరు చుక్కమ్మ. వీడియోల్లో చెప్పినట్టే చేశాను. తవుడు పోశాను, క్యారెట్ ముక్కలు వేశాను, మూతకి చిల్లులు పెట్టాను. ఆ వీడియోల్లో అందరూ డబ్బా కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టా) పెడతారు, నేను అది కూడా కొన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సగం చచ్చే వస్తున్నాయి. ఇంకోసారి ఆ డబ్బా ఇంట్లో కనిపిస్తే నేను మీ మావయ్య ఇంటికి పోతాను అంటోంది అమ్మ.

మన వైపు గెకోలు పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మీరు ఏం పెడుతున్నారు, ఎక్కడ పెంచుతున్నారు?

ఉప్పుటేరు
మా ఇంట్లో ట్యూబ్‌లైటు వెనకాల ఆరు బల్లులు ఉన్నాయి. ఒక్కదానికీ నేను టిఫిన్ పెట్టలేదు. ఏ లోటూ లేదు.

కోనసీమ_కుర్రోడు
భీమవరంలో హీట్ మ్యాట్ కొన్న మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు 😂

తణుకు_తవుడు
నవ్వులు తర్వాత. తవుడు ఏది వాడావు? మిల్లు తవుడా, గోధుమ తవుడా?

చుక్కమ్మ_భీమవరం
మిల్లు తవుడే. బాబాయ్ వాళ్ళ రైస్ మిల్లు నుంచి బస్తా ఫ్రీగా వచ్చింది.

తణుకు_తవుడు
దొరికింది దొంగ. పేరు చూసే ఉంటావు, మాది తవుడు వ్యాపారం. బియ్యానికి పాలిష్ పట్టగా వచ్చే తవుడులో నూనె ఎక్కువ. రైస్ బ్రాన్ ఆయిల్ తీసేది దాన్నుంచే కదా. మిల్లు ఆడిన దగ్గర్నుంచే అందులోని లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. అందుకే ఆయిల్ ఫ్యాక్టరీలవాళ్ళు తవుడు తాజాగా రావాలని అంత గొడవ చేస్తారు. నువ్వు బస్తా తెచ్చి మంచం కింద నెల రోజులు పెట్టుకుని ఉంటావు. అది ముక్కిపోయింది. మన గాలిలో తేమ పీల్చుకుని ఉండ కట్టింది. అందులో క్యారెట్ కూడా వేశావు.

ఆ నడిచే పొడి నల్లి. వరిలో కంకినల్లి అని వింటూ ఉంటాం కదా, దానికి చుట్టం, ధాన్యం నిల్వల్లో పడే రకం. నీ గెకోని ఏం చెయ్యదు కానీ మీల్‌వార్మ్‌ని బతకనివ్వదు. ఆ తవుడు మొత్తం పారెయ్. డబ్బా వేడినీళ్ళతో కడిగి రెండు రోజులు మేడ మీద ఎండలో పెట్టు. ఈసారి గోధుమ తవుడు కొను. దాన్ని మూకుట్లో సన్నసెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక వెయ్. మూతకి నాలుగు చిల్లులు చాలవు, మూత మధ్యభాగం మొత్తం కోసేసి మెష్ అతికించు. క్యారెట్ ముక్క సాయంత్రం వేసి పొద్దున్నే తీసెయ్యాలి, మర్చిపోకూడదు.

గోదారిగట్టు
తణుకు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకో మాట. ఆ వీడియోలు తీసేవాళ్ళు చలి దేశాల్లో ఉంటారు. వాళ్ళకి వేడి తెచ్చుకోవడం సమస్య, గాలి ఎలాగూ పొడిగా ఉంటుంది. మనకి వేడి ఊరికే వస్తుంది, తేమ వదిలించుకోవడమే పని. మీల్‌వార్మ్ 25 నుంచి 28 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో మన గదిలో ఫ్యాను కిందే అంతకంటే ఎక్కువ ఉంటుంది. దాన్ని మన దగ్గర ఏడాది పొడుగునా పెంచడం అంటే ఊటీ క్యాబేజీని కొవ్వూరులో పండించినట్టు. పండదని కాదు, ఎందుకొచ్చిన బాధ?

నేను ముందు డూబియా బొద్దింకలు పెంచాను. ఇప్పుడూ అవే. మధ్యలో ఒకసారి మొత్తం పోయాయి, ఆ కథ రాత్రి తీరిగ్గా రాస్తాను.

ఆవకాయ_జాడీ
బొద్దింకల్ని డబ్బులిచ్చి కొని, తిండి పెట్టి, పెంచి... మా అత్తగారు ఈ పోస్టు చదివితే ఏమంటారో ఊహించుకుంటున్నాను.

చుక్కమ్మ_భీమవరం
మీల్‌వార్మ్‌లని ఫ్రిజ్‌లో పెడితే ఎదగకుండా ఆగిపోతాయి అంటారు కదా? వేసవిలో అలా నెట్టుకురావచ్చా?

నత్తరామేశ్వరం
పెట్టొచ్చు. కింది అరలో పెడితే నిద్రపోయినట్టు ఉంటాయి, వారానికోసారి బయటికి తీసి ఒక పూట తిండి పెట్టి మళ్ళీ లోపల పెట్టాలి. సూపర్‌వార్మ్‌ని (మీల్‌వార్మ్ లాంటిదే, ఇంకా పెద్దది) మాత్రం పెట్టకు, ఆ చలికి చచ్చిపోతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఖాళీ పూతరేకుల డబ్బాలో తవుడు పోసి, పురుగులు వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా బావ వచ్చాడు. రాత్రి పన్నెండింటికి ఎవరూ చూడకుండా డబ్బా తీశాడు. ఆ తర్వాత మూడేళ్ళుగా మా ఇంట్లో పూతరేకు ముట్టలేదు.

కోనసీమ_కుర్రోడు
ఆయ్, ఆత్రేయపురం వాళ్ళకి ఈ సంగతి తెలియనివ్వకండి.

రొయ్యలరాయుడు
ఇన్ని తిప్పలు ఎందుకు? కీచురాళ్ళు పెంచుకో. మా చెరువు దగ్గర షెడ్డులో మూడు టబ్బులు ఉన్నాయి. తిండికి రొయ్యల మేత నలిపి వేస్తాను. ముప్పై శాతం పైన ప్రొటీను. చూస్తుండగానే ఎదిగిపోతాయి. ఇక్కడ రొయ్యల మేతకి కరువా?

డాక్టరుగారబ్బాయి
రాయుడు గారూ, కీచురాయికి పర్వాలేదు గానీ అదే మేత బొద్దింకలకి వెయ్యకండి. బొద్దింక ఎక్కువైన ప్రొటీన్‌ని బయటికి పంపదు, యూరిక్ ఆమ్లంగా ఒంట్లోనే దాచుకుంటుంది. దాన్ని రోజూ తిన్న గెకోకి గౌట్ (యూరిక్ ఆమ్లం కీళ్ళలో పేరుకునే జబ్బు) వచ్చే ప్రమాదం ఉంది. కీచురాళ్ళయినా సరే, గెకోకి పెట్టే ముందు ఒకటి రెండు రోజులు మేత మార్చి ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడికాయ పెట్టండి. మనం పెట్టేది పురుగుని కాదు, పురుగు కడుపులో ఉన్నదాన్ని.

రొయ్యలరాయుడు
నేను బొద్దింకలకి వేస్తానని ఎక్కడ అన్నాను? నావి కీచురాళ్ళు. మూడేళ్ళ నుంచి ఇదే మేత, నా గెకో దుక్కలా ఉంది.

డాక్టరుగారబ్బాయి
దుక్కలా ఉండటం కూడా సమస్యే అండి. తోక మెడ కంటే లావైతే తిండి తగ్గించాలి.

రొయ్యలరాయుడు
నా తోక సంగతి ఎందుకులెండి.

ఉప్పుటేరు
😂😂

అమలాపురం_అమ్మాయి
కీచురాళ్ళ గురించి నేను చెప్తా, రెండేళ్ళు పెంచాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బు, లోపల అట్టతో చేసిన గుడ్ల ట్రేలు నిలువుగా పెట్టాలి. కోళ్ళ ఫారాలవాళ్ళని అడిగితే ఊరికే ఇస్తారు కానీ వాడినవి తీసుకోకండి, కొట్లో కొత్తవి కొనుక్కోండి. గుడ్లు పెట్టడానికి చిన్న గిన్నెలో తడి కొబ్బరి పొట్టు పెట్టాలి. మా కోనసీమలో దానికి కొదవ లేదు కానీ పొట్టులో ఉప్పు ఉంటుంది, మూడు నాలుగుసార్లు నీళ్ళు మార్చి కడగాలి. ఆడదానికి వెనకాల సూదిలాంటి గొట్టం ఉంటుంది, దాన్ని పొట్టులోకి గుచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్డు సన్నగా, పాలిపోయిన బియ్యపు నూకలా ఉంటుంది. మన ఎండకి పది రోజుల్లో పిల్లలు వచ్చేస్తాయి, అసలు వేడి పెట్టాల్సిన పనే లేదు. పిల్లలకి నీళ్ళ గిన్నె పెట్టకండి, మునిగి చస్తాయి. క్యారెట్ ముక్క చాలు.

ఎందుకు మానేశానంటే రెండు కారణాలు. మొదటిది వాసన, రెండు రోజులు శుభ్రం చెయ్యకపోతే ఇల్లంతా వస్తుంది. రెండోది రాత్రి కచేరీ. మొగవి ముప్పై కలిసి కూస్తుంటే మా నాన్న రాత్రి రెండింటికి లేచి, చెప్పు పట్టుకుని ఇల్లంతా వెతికారు, ఎక్కడో కీచురాయి దూరిందని. టబ్బు నా గదిలో ఉందని ఆయనకి తెలియదు. నేనూ వెతుకుతున్నట్టు నటించాను.

కోనసీమ_కుర్రోడు
పొలంలో మిడతలు బోలెడు. నెట్ పట్టుకెళ్తే పది నిమిషాల్లో డబ్బా నిండుతుంది. కొనడం, పెంచడం ఇదంతా అవసరమా అని.

లంకలరైతు
తమ్ముడూ, వద్దు. నేను పొలం చేసేవాణ్ణే చెప్తున్నా. నాట్లేసిన ఇరవై రోజులకి కాండం తొలిచే పురుగుకి గుళికలు చల్లుతాం. తర్వాత ఆకుముడతకి ఒకసారి, దోమపోటు వస్తే రెండుసార్లు, పక్క చేలో కొడితే మన చేలో పడేది వేరే. నువ్వు పట్టిన మిడత ఏ చేలో ఏ రోజు తిన్నదో నీకు తెలుసా? అది గంతులేస్తుంది కాబట్టి ఆరోగ్యంగా ఉందనుకుంటావు. మందు పడ్డ మిడత కూడా మొదటి గంటలో గంతులే వేస్తుంది.

నత్తరామేశ్వరం
బాత్రూం బొద్దింకలకీ ఇదే మాట. బొద్దింకల మందు జెల్ తిని ఉంటాయి, కడుపులో నులిపురుగులు ఉంటాయి. ఇంకోటి, పిల్లలున్న ఇళ్ళలో జాగ్రత్త. మిణుగురు పురుగు ఒక్కటి చాలు, బల్లిజాతి పెంపుడు జంతువులు చచ్చిపోతాయి. అందులో విషం ఉంటుంది. మెరుస్తుంది కదా అని మా అమ్మాయి ఒకసారి సరదాగా గెకో టబ్బులో వెయ్యబోయింది, చేతిలోంచి లాక్కున్నాను.

గోదారిగట్టు
రాత్రి రాస్తానన్న కథ. కాస్త పొడుగు, క్షమించాలి.

డూబియాలు నా దగ్గర మూడువందల పైన ఉండేవి. ఎందుకు అవి ఎంచుకున్నానంటే, కూయవు, వాసన దాదాపు లేదు, నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, ఎగిరి మీద పడవు. 30 డిగ్రీలు దాటితేనే బాగా పిల్లల్ని పెడతాయి, అంటే మన ఏప్రిల్ వాటికి పండగ. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. మొగదానికి ఒళ్ళంతా కప్పే రెక్కలుంటాయి, ఆడదానికి భుజాల దగ్గర చిన్న మొలకలు మాత్రమే. ఒక మొగదానికి నాలుగు ఆడవి లెక్కన పెట్టుకున్నాను. ఓపిక మాత్రం కావాలి. పిల్ల ఎదిగి తల్లి కావడానికి నాలుగైదు నెలలు పడుతుంది, అప్పటిదాకా టబ్బులోంచి తీసి పెట్టకూడదు. నేను ఆర్నెల్లు ఆగాను.

ఏడో నెలలో వర్షాలు మొదలయ్యాయి. మా వీధిలో దోమలు ఎలా ఉంటాయో రాజమండ్రి వాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్కగదిలో మా ఆవిడ దోమల మందు మిషన్ ప్లగ్గులో పెట్టింది. గది వేరు, తలుపు మాత్రం ఓరగా తీసి ఉంది. పొద్దున్నే టబ్బు మూత తీస్తే అట్టల మీద ఒక్కటీ లేదు. అన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. కాళ్ళు మాత్రం ఆడుతున్నాయి, ఏదో సైకిల్ తొక్కుతున్నట్టు. ఒక్కోదాన్ని తిప్పి నిలబెడితే రెండడుగులు వేసి మళ్ళీ వెల్లకిలా పడేది. సాయంత్రానికి నలభై మిగిలాయి. మూడో రోజుకి అవీ లేవు. దోమని చంపే మందు బొద్దింకని వదిలేస్తుందా? అది అప్పుడు తట్టలేదు.

ఆ చచ్చినవాటిని గెకోకి పెట్టకుండా ఉండటం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

ఇప్పుడు టబ్బు మేడ మీద మెట్ల గదిలో ఉంటుంది. అక్కడ మిషన్ లేదు, కాయిల్ లేదు, అగరబత్తి కూడా వెలిగించం. మునిసిపాలిటీ పొగ బండి వస్తే మూత మీద దుప్పటి కప్పి, తలుపు మూసి, వాసన పోయేదాకా తియ్యను. వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్ళకి మన దోమలు లేవు.

ఆవకాయ_జాడీ
భీమవరం దోమల్నే పెంచి గెకోకి పెడితే ఒక్క దెబ్బకి రెండు పనులు అవుతాయి కదా.

చుక్కమ్మ_భీమవరం
మీ పోస్టు చదివాక ఇల్లంతా తిరిగి చూశాను. నా మంచం పక్కనే మిషన్ ఉంది. చేతిలో క్యారెట్ ముక్కతో అలాగే నిలబడిపోయాను.

అమలాపురం_అమ్మాయి
చీమల చాక్‌పీస్ కూడా అంతే. మా పిన్ని టబ్బు చుట్టూ ముగ్గు వేసినట్టు గీసింది, చీమలు రాకూడదని మంచి మనసుతో. మొత్తం పోయాయి. చీమలకి పాత పద్ధతే మేలు. పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో ఇటుక పెట్టి దాని మీద టబ్బు పెట్టండి. అమ్మమ్మ పాలగిన్నెకి చేసేది అదేగా. ఆ నీళ్ళు మాత్రం రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే అందులో దోమలు పుడతాయి, మళ్ళీ మిషన్ కావాలంటారు.

రొయ్యలరాయుడు
చేపలకి పనికొస్తుందని మా వాళ్ళు కొందరు నల్ల ఈగ పిల్లల్ని పెంచుతున్నారు, బ్లాక్ సోల్జర్ ఫ్లై అంటారు. వాటిలో కాల్షియం సహజంగానే ఎక్కువట. గెకోకి పెట్టచ్చా?

డాక్టరుగారబ్బాయి
బాగా పెట్టచ్చు. పొడి అద్దకుండా కాల్షియం సరిపోయే పురుగు దాదాపు అదొక్కటే. పెద్దయ్యాక నల్లగా మారి తడి మేతలోంచి బయటికి వాటంతట అవే పాక్కుంటూ వచ్చేస్తాయి, అంచుకి వాలుగా ఓ గొట్టం పెడితే గిన్నెలో వచ్చి పడతాయి. కాకపోతే గెకోకి పెట్టేది నల్లబడక ముందు, తెల్లగా మెత్తగా ఉన్నప్పుడు. చెరువు దగ్గర కుళ్ళిన చేపల మీద పెరిగినవి మాత్రం వద్దు. కూరగాయల తొక్కల మీద పెంచినవైతే సరి.

మిగతా ఏ పురుగు పెట్టినా కాల్షియం పొడి అద్దాల్సిందే. కీచురాయిలో, మీల్‌వార్మ్‌లో కాల్షియం కంటే భాస్వరం చాలా రెట్లు ఎక్కువ. అది అలాగే పెడుతూపోతే గెకో తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకుంటుంది. మా దగ్గరికి ఒకదాన్ని తెచ్చారు. కింది దవడ రబ్బరులా వంగుతోంది. నడిస్తే మోచేతుల మీద పాకుతోంది. ఏడాదిగా ఉత్త మీల్‌వార్మ్‌లే పెట్టారట. బతికింది గానీ కాళ్ళు వంకరగానే ఉండిపోయాయి.

కోనసీమ_కుర్రోడు
కాల్షియం అంటే సున్నమే కదా. మా తాతయ్య దగ్గర కిళ్ళీలోకి గుల్ల సున్నం డబ్బా ఉంది. అది చాలదా?

డాక్టరుగారబ్బాయి
బాబూ ఆ పని చెయ్యకు!! తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, నోరు కాలిపోతుంది. కావలసింది కాల్షియం కార్బొనేట్. మూలికల కొట్లో సముద్రపు నురుగు అని అమ్ముతారు, తెల్లగా తేలిగ్గా పడవలా ఉంటుంది. అది కటిల్ ఫిష్ ఎముకే. మెత్తగా నూరి పల్చటి గుడ్డలో జల్లించు. లేదా గుడ్డు పెంకు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చెయ్. విటమిన్ డి3 ఉన్న పొడి మాత్రం సరీసృపాల కోసం అమ్మేదే కొని వారానికి ఒకసారి, రెండుసార్లు అద్దితే చాలు, అది ఎక్కువైనా ప్రమాదమే.

కోనసీమ_కుర్రోడు
సరే డాక్టరు గారూ. తాతయ్య సున్నం తాతయ్యకే.

చుక్కమ్మ_భీమవరం
ఎంత పెద్ద పురుగు పెట్టాలి? ఆన్‌లైన్ వాడు పంపిన సూపర్‌వార్మ్ ఒకటి నా వేలంత ఉంది. చుక్కమ్మ దాన్ని చూసి మూలకి వెళ్ళిపోయింది.

నత్తరామేశ్వరం
తెలివైనది. గెకో రెండు కళ్ళ మధ్య ఎంత దూరం ఉందో పురుగు వెడల్పు అంతకి మించకూడదు. దాని వయసుకి రోజు మార్చి రోజు అయిదారు చాలు. రాత్రి తినకుండా మిగిలిన కీచురాయిని టబ్బులో వదిలెయ్యకు, నిద్రలో గెకోని కొరుకుతుంది. సూపర్‌వార్మ్‌లో కొవ్వు ఎక్కువ, నెలకి ఒకటి రెండు స్వీటులాగ.

ఉప్పుటేరు
నిజంగా ఒక డౌటు. ఈ చుక్కమ్మ గోడ మీంచి మీద పడితే ఏ శాస్త్రం వర్తిస్తుంది? తల మీద పడితే కలహం అంటారు.

గోదారిగట్టు
పడదు. లెపర్డ్ గెకో పాదాల కింద అతుక్కునే పట్టీలు ఉండవు, గోడ ఎక్కలేదు. పైగా దానికి రెప్పలు ఉంటాయి, మన గోడబల్లికి ఉండవు. నిద్రొస్తే కళ్ళు మూసుకుంటుంది. మా మనవరాలికి అదొక్కటే నచ్చింది దానిలో.

ఆవకాయ_జాడీ
సత్యం అంటుందా?

గోదారిగట్టు
ఆకలేస్తే కూడా ఏమీ అనదు. మన మొహం వంక చూస్తుంది అంతే.

తణుకు_తవుడు
భీమవరం గారూ, డబ్బా ఎండలో పెట్టారా?

చుక్కమ్మ_భీమవరం
ఈ చర్చ మొదలుపెట్టి రెండు నెలలైంది, చెప్పకుండా మాయమైనందుకు సారీ.

డబ్బా కడిగి ఎండబెట్టాను. గోధుమ తవుడు వేయిస్తుంటే ఇల్లంతా కమ్మటి వాసన, అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏం చేస్తున్నావు, ఏదైనా తినేదా అని అడిగింది. మీల్‌వార్మ్‌లు ఇప్పుడు నలభై మాత్రమే, ఫ్రిజ్‌లో. పూతరేకుల డబ్బాలో కాదు, మూత మీద మార్కరుతో పెద్ద అక్షరాలతో రాశాను. గోదారిగట్టు గారు పాలకొల్లు బస్టాండులో కలిసి పద్దెనిమిది డూబియాలు ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. అవి మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్క గదిలో ఉన్నాయి, పళ్ళెంలో ఇటుక మీద. మిషన్ తీసేసి దోమతెర కట్టుకున్నాను. హీట్ మ్యాట్ ఎవరికైనా కావాలంటే చెప్పండి.

నిన్న అట్ట ఎత్తితే అడుగున తెల్లగా, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దవి, ఇరవై దాకా కదులుతున్నాయి. మళ్ళీ నల్లి పట్టిందని గుండె ఆగినంత పనైంది. టార్చి వేసి చూస్తే పిల్లలు.

గోదారిగట్టు
పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి, కొన్ని గంటల్లో రంగు వస్తుంది. ఆ అట్ట ఇక కదపకండి. ఆర్నెల్లు.

కోనసీమ_కుర్రోడు
హీట్ మ్యాట్ నాకు కావాలి. తాతయ్య నడుముకి.